తెల్ల చుక్కలకు ఏది మేలు: కల్లుప్పా, పచ్చ మందా?

డిసెంబరులో బెంగళూరు మారతహళ్లిలో మా హాల్లో ఉన్న 60 లీటర్ల తొట్టి నీళ్లు రాత్రికి 21 డిగ్రీలకు దిగిపోయాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే గోల్డ్‌ఫిష్ తోక మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. ఓ పరాన్నజీవి వల్ల వచ్చే ఈ జబ్బునే ఇక్ అంటారు. కొట్టుకి పరిగెత్తితే ఆయన ఏమీ అడక్కుండానే నీలం సీసా చేతిలో పెట్టాడు, "అన్నిటికీ ఇదే సార్" అని. అది మిథిలీన్ బ్లూ. చేప గుడ్లకు బూజు పట్టకుండా బాగానే పనిచేస్తుంది గానీ ఇక్ మీద దాని ప్రతాపం అంతంతే, పైగా ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాని దెబ్బతీస్తుంది. తొట్టి మూలల్లో సిలికాన్ ఇప్పటికీ నీలంగానే ఉంది, మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది.

అసలు పోటీ ఉప్పుకీ, మలకైట్ గ్రీన్ అనే పచ్చ మందుకీ. ఏది వాడినా, చర్మం కింద దాక్కున్న పరాన్నజీవిని మందు తాకలేదు. అది బలిసి, రాలి, అడుగున తిత్తి కట్టుకుని వందల పిల్లలుగా చీలుతుంది, ఆ పిల్లలు చేపను వెతుక్కుంటూ ఈదే కాసేపట్లోనే మన చేతికి చిక్కుతాయి. నీళ్లు వెచ్చగా ఉంటే ఈ చక్రం వారంలోపే తిరుగుతుంది, చల్లగా ఉంటే సాగుతూనే ఉంటుంది. హీటర్ పెట్టమనేది అందుకే. నేనేమో మూడో రోజు చుక్కలు పోయాయని అన్నీ ఆపేశా, ఎనిమిదో రోజుకి మళ్లీ రవ్వ!

గోల్డ్‌ఫిష్, మోలీ, గప్పీ అయితే నా ఓటు ఉప్పుకే. లీటరుకు 2 నుంచి 3 గ్రాములు, మగ్గులో కరిగించి రోజంతా మూడు విడతలుగా పోయాలి, వేడిని మెల్లగా 29, 30 డిగ్రీలకు పెంచాలి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు ఆపకూడదు, చుక్కలు పోయినా రెండు వారాలు కొనసాగించాలి. మొక్కలకు, తొట్టి అడుగున తిరిగే కోరీ చేపలకు మాత్రం ఉప్పు పడదు.

అలాంటప్పుడు పచ్చ మందు. పని గట్టిగా చేస్తుంది, ప్రమాదమూ అంతే: టెట్రాలకు, పొలుసులు లేని చేపలకు సగం డోసే, రొయ్యలుంటే అసలొద్దు. ఫిల్టర్‌లో బొగ్గు తీసెయ్యకపోతే మందంతా అదే పీల్చేస్తుంది. మనుషులకు హాని చేస్తుందనే భయంతో తినే చేపల పెంపకంలో చాలా దేశాలు దీన్ని నిషేధించాయి, కాబట్టి చేతికి గ్లౌజు వేసుకోండి.

చుక్కల్లేవు, చేప మాత్రం రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోంది, ఒక పక్క మొప్ప మూసుకుపోయింది అంటే మొప్పలకు, చర్మానికి అంటుకునే ఫ్లూక్ అనే సన్న పురుగులని అనుమానించండి. అప్పుడు ప్రాజిక్వాంటెల్, మనుషులకు బద్దెపురుగులకు ఇచ్చేదే. 600 మిల్లీగ్రాముల మాత్రలో పావు మా తొట్టికి సరిపోతుంది, కాకపోతే నీళ్లలో ఓ పట్టాన కరగదు, మెత్తగా నూరి సీసాలో పోసి బాగా గిలకొట్టాలి. గుడ్లను చంపదు కాబట్టి వారానికి ఇంకో విడత వెయ్యాలి. చుక్కలు కూడా పోతాయేమో అని మాత్రం వెయ్యకండి, ఇక్‌కి అది మందే కాదు.