“గుప్త లిపి చదివిపెడతాం” అనేవాళ్ల చేతికి తాళపత్రాలు ఇవ్వకండి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న మనవాళ్లందరికీ. మీ ఇంట్లో అటక మీద పాత తాటాకుల కట్ట ఉంటే ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

మా తాతగారి తాత రాసిన కట్ట ఒకటి మా ఇంట్లో ఉంది. 23 ఆకులు. మొదటి ఆకు మీద “నీకుదయ” అని, దాని కింద “సర్వధారి” అని, ఆ తర్వాత “పు ౧ తూ ౫” అని ఉంటుంది. ఆయన ఏదో గుట్టు దాచి వెళ్లాడని మా నాన్న చిన్నప్పటి నుంచీ ఇంట్లో వినపడే మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, మన పర్లాకిమిడి అందులోకి వచ్చింది. మా ఇంట్లో నాన్న తరం నుంచీ ఒడియా మీడియమే. అక్షరాలు కూడబలుక్కుంటాం తప్ప పాత లెక్కలు, గుర్తులు మాకు తెలియవు. ఇలాంటి మోసగాళ్లకు మనం దొరికిపోయేది అక్కడే.

తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన వచ్చాడు. చదవడానికి 3,500 రూపాయలు తీసుకున్నాడు. “నీకు దయ” అంటే దేవత కరుణించింది అన్నాడు. సర్వధారి అంటే నిధికి కాపలా ఉన్న శక్తి అట. “పు” అంటే పుట్ట, “తూ” అంటే తూర్పు, ఐదు అడుగులు. మా పెరట్లో నిజంగానే గోడవార పుట్ట ఉంది. ఆ మాట వినగానే మాకు ఒళ్లు జలదరించింది. శాంతి పూజకని ఇంకో 14,000 తీసుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఏటా నాగులచవితికి అమ్మ పాలు పోసే పుట్ట పక్కనే మోకాలి లోతు తవ్వించాడు. అమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మట్టి తప్ప ఏమీ రాలేదు. “ముహూర్తం తప్పింది” అని వెళ్లినవాడు మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

తర్వాత మా వీధి చివర ఉండే రిటైర్డ్ తెలుగు మాష్టారికి ఆకు చూపించాను. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి పది నిమిషాల్లో చెప్పేశారు. అది కటపయాది. అందులో ఒక్కో హల్లుకు ఒక్కో అంకె ఉంటుంది. న అంటే 0, క అంటే 1, ద అంటే 8, య అంటే 1. గుణింతం లెక్కలోకి రాదు. అంకెలు వెనక నుంచి చదవాలి. అంటే 1810, శక సంవత్సరం. 78 కలిపితే 1888. ఆ ఏడు తెలుగు సంవత్సరం పేరు సర్వధారి! రెండూ సరిపోయాయి. ఇక “పు ౧ తూ ౫” అంటే ఒక పుట్టి ఐదు తూములు. పుట్టికి ఇరవై తూములు కాబట్టి మొత్తం 25 తూముల ధాన్యం. ఎవరికో అప్పిచ్చిన లెక్క అది. ఏడాదిని ఇంత ముద్దుగా దాచిన మనిషి మా తాత. అది తెలిసినప్పుడు నాకు నిధి దొరికినంత సంతోషమేసింది.

గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే మాష్టారుగా ఉంటూ పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం శాసనాలు చదివారు. పాత రాతకు కావలసింది అలాంటి ఓపిక. దానికి పూజలెందుకు?

కాబట్టి ఎవరికి చూపించినా ముందు ప్రతి ఆకుకూ రెండు వైపులా ఫోటో తీసి ఆకులు లెక్కపెట్టుకోండి. ఫోటోలే ఇవ్వండి. ఏ అక్షరానికి ఏ అర్థం ఎలా వచ్చిందో మీ ఎదుటే విప్పి చెప్పమనండి. నూనెలు, రసాయనాలు రాయనివ్వకండి. మా ఇంటికొచ్చినవాడు ఏదో పూసిన రెండు ఆకులు నల్లగా జిడ్డు పట్టి అక్షరం కనపడకుండా పోయాయి. “ఎవరికీ చెప్పొద్దు” అంటే అక్కడే ఆపేయండి. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే.

డబ్బు పోతే పోయింది. “ఇంటికి తీసుకెళ్లి చూస్తాను” అని పట్టుకెళ్లిన కట్ట తిరిగొచ్చేసరికి 21 ఆకులే ఉన్నాయి. ఆ పోయిన రెండాకులు ఎక్కడైనా అమ్మకానికి వస్తే దయచేసి నాకు చెప్పండి. సన్నని గుండ్రటి రాత, అంచున చీమ కొరికినట్టు చిన్న గంటు, మధ్యలో దారం కోసం ఒకటే రంధ్రం.