వంకర స్థలం కొలవడానికి ఏ లెక్క మేలు?

పోయిన ఎండాకాలం మా అక్కావాళ్లు ఊరి చివర ఒక స్థలం కొనబోయారు. నాలుగు మూలలా హద్దురాళ్లు ఉన్నాయి గానీ ఏ రెండు వైపులూ సమానం కావు. టేపు పట్టి చుట్టూ కొలిస్తే వరసగా 52, 39, 25, 60 అడుగులు వచ్చాయి. మధ్యవర్తి అక్కడికక్కడే ఫోన్లో లెక్క కట్టాడు. ఎదురెదురు వైపులైన 52, 25 కలిపి సగం చేస్తే 38.5. మిగతా రెండూ, 39, 60 కలిపి సగం చేస్తే 49.5. రెండూ గుణిస్తే 1905.75 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 211.75 గజాలు. "ఊళ్లో అందరం ఇట్లాగే కడతామమ్మా" అన్నాడు.

ఆయన మోసం చేయలేదు. ఈ లెక్క చాలా పాతది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు కూడా దీన్ని రాశాడు, కాకపోతే ఇది స్థూలంగా వచ్చే ఫలమని చెప్పి, సూక్ష్మమైనది పక్కనే వేరుగా ఇచ్చాడు. మన దగ్గర స్థూలమే మిగిలిపోయింది. మూలలన్నీ మూలమట్టానికి ఉంటేనే ఈ లెక్క సరిపోతుంది. ఏ మూల కాస్త వంగినా అసలు కంటే ఎక్కువే చూపిస్తుంది. తక్కువ చూపించడం ఎప్పుడూ ఉండదు. అంటే కొనేవాడికే నష్టం.

నులక మంచాన్ని తలుచుకోండి. కోళ్ల దగ్గర వదులైతే మంచం ఒక పక్కకి ఒరుగుతుంది. పట్టెల పొడవు అంగుళం కూడా తగ్గలేదు, కానీ లోపలి జాగా తగ్గింది. స్థలమూ అంతే. నాలుగు వైపులు తెలిసినంత మాత్రాన విస్తీర్ణం తెలిసినట్టు కాదు. ఆ నాలుగు కొలతలతోనే రకరకాల స్థలాలు గీయొచ్చు. మధ్యవర్తి లెక్కలో మాత్రం అన్నింటికీ 211.75 గజాలే వస్తుంది.

మంచం ఒరగకుండా ఉండాలంటే ఐమూలగా ఒక కర్ర బిగిస్తాం. స్థలానికి ఆ కర్ర కర్ణం. అందుకే అక్కచేత టేపు రెండో చివర పట్టించి, ఒక మూల నుంచి ఎదురు మూలకి కొలిచాను. 65 అడుగులు. ఇప్పుడు స్థలం రెండు త్రిభుజాలైంది. త్రిభుజం ఒరగదు, మూడు భుజాలు తెలిస్తే చాలు. తొమ్మిదో తరగతిలో చదివిన హెరాన్ సూత్రం ఇక్కడే అక్కరకొస్తుంది.

మొదటి త్రిభుజం 52, 39, 65. మొత్తం 156, అందులో సగం 78. ఆ 78లోంచి ఒక్కో భుజం తీసేస్తే 26, 39, 13. ఈ నాలుగు అంకెలూ, అంటే 78 × 26 × 39 × 13 గుణించి వర్గమూలం తీస్తే 1014. రెండోది 25, 60, 65. సగం 75, మిగిలేవి 50, 15, 10. వర్గమూలం 750. రెండూ కలిపితే 1764 చదరపు అడుగులు, సరిగ్గా 196 గజాలు.

తేడా 15.75 గజాలు. గజం పదివేలు అనుకున్నా 1,57,500 రూపాయలు. అక్క ముఖంలో టెన్షన్ మొదలైంది. మధ్యవర్తికీ నమ్మకం కుదరలేదు. అందుకని రెండో కర్ణం కూడా కొలిచాం. 56 అడుగులు. దాంతో వచ్చే త్రిభుజాలు వేరు: 39, 25, 56 ఒకటి, 52, 60, 56 ఇంకొకటి. మొదటిది 420, రెండోది 1344. కలిపితే మళ్లీ 1764! వేరే దారిలో వెళ్లి అదే అంకె దగ్గర తేలాక ఆయన ఇంకేమీ అనలేదు. ఇంకో సంగతి కూడా చూపించాను. ఆ స్థలంలో ఎదురెదురుగా ఉన్న రెండు మూలలు లంబకోణాలు. అలా ఉన్నప్పుడు ఆ నాలుగు భుజాలతో వచ్చే అతి పెద్ద విస్తీర్ణం అదే, 1764. ఎలా గీసినా అంతకు మించదు. కర్ణం 65 బదులు 75 ఉండి ఉంటే సుమారు 1615కి, అంటే 180 గజాల లోపుకి దిగిపోయేది. 211 గజాల స్థలం ఆ కొలతలతో ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు.

వర్గమూలం అంటే భయపడేవాళ్లకి ఎనిమిదో తరగతి పద్ధతి ఉంది. కర్ణం వెంబడి దారం లాగి, మిగతా రెండు మూలల నుంచి దాని మీదకి లంబాలు కొలవాలి. ఆ రెండూ కలిపి, కర్ణంతో గుణించి, సగం చేయాలి. మాకు 31.2, సుమారు 23.1 వచ్చాయి, జవాబు దాదాపు అంతే. లంబం ఎక్కడ పడుతుందో తెలియక చాలామంది తప్పు చేస్తారు. దానికి సులువు ఉంది: టేపు మొన మూలలో పెట్టి, దారం మీద అటూ ఇటూ జరుపుతూ చూడండి. అన్నిటికంటే తక్కువ చూపించిన చోటే లంబం. హెరాన్‌తో పోలిస్తే ఇందులో కొలతలు నేల మీద ఎక్కువ, లెక్క కాగితం మీద తక్కువ. స్థలం మధ్యలో చెట్టో బావో ఉండి ఒక కర్ణం లాగలేకపోతే రెండో కర్ణం పట్టుకోవాలి. గుడ్డ టేపు మాత్రం వద్దు, సాగుతుంది.

సర్వేవాళ్ల ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే పొలం కొలతల పుస్తకం) పటంలోనూ ఉండేది ఈ పద్ధతే. పొలం మధ్యగా ఒక గీత, దాని నుంచి ప్రతి వంపుకీ ఆఫ్‌సెట్, అంటే లంబంగా కొలిచిన దూరం. వాళ్ల 66 అడుగుల కొలత గొలుసులో 100 లింకులు, పది చదరపు గొలుసులైతే, అంటే లక్ష చదరపు లింకులైతే ఎకరం. అందుకే లింకుల్లో కొలిచినవాడికి ఎకరాల లెక్క దశాంశ బిందువు జరిపినంత తేలిక.

వాగు ఒడ్డు లాంటి వంపుకి త్రిభుజాలు చాలవు. మా చేను అంచున 60 అడుగుల మేర గట్టు బయటికి ఉబ్బి ఉంటుంది. రెండు చివర్లకీ తాడు కట్టి, ప్రతి పది అడుగులకీ తాడు నుంచి గట్టుకి కొలిచాను: 0, 4, 7, 8, 6, 3, 0. సమలంబ చతుర్భుజాలుగా లెక్కేస్తే పదితో 28 గుణించినట్టే, 280 చదరపు అడుగులు. గట్టు వంపుని కూడా లెక్కలోకి తీసుకునే సింప్సన్ సూత్రంతో కడితే 287 దగ్గరకొచ్చింది. ఆ ఏడు అడుగుల కోసం సింప్సన్ నేర్చుకోనక్కర్లేదు. దానికి బదులు ఐదేసి అడుగులకి కొలవండి, అది మేలు.

గ్రాఫ్ కాగితం మీద గీసి గళ్లు లెక్కపెట్టడం పిల్లలకి విస్తీర్ణమంటే ఏంటో అర్థం కావడానికి చాలా మంచిది. బేరానికి పనికిరాదు.

ఇక విస్తీర్ణం కొలిచే ఫోన్ యాప్. ఆరుబయట కూడా ఫోన్ మనం నిలబడ్డ చోటుని నాలుగైదు మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. అక్క స్థలంలో ఒక వైపు మొత్తం కలిపి ఏడున్నర మీటర్లే. అక్కడ యాప్‌ని నమ్మడం ఎలా? ఐదెకరాల చేనుకి ఎన్ని ఎరువు బస్తాలు కావాలో చూసుకోవడానికైతే నేనూ దాన్నే వాడతాను.

దస్తావేజులో మామూలుగా నాలుగు వైపుల కొలతలే రాయిస్తారు. అక్క 196 గజాలకే డబ్బు కట్టి, ఆ నాలుగింటి కింద రెండు కర్ణాలు 65, 56 కూడా రాయించుకుంది.