కూనూరు దాకా నాన్నతో పొగబండిలో

నాన్న కాజీపేట లోకోషెడ్డులో క్లీనర్‌గా చేరి, ఆవిరి ఇంజన్‌లో మంట చూసుకునే ఫైర్‌మ్యాన్ అయినవాడు. రిటైరయ్యాక సికింద్రాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నాడు. రైల్ నిలయం ముందు నిలబెట్టిన పాత ఇంజన్ కనిపిస్తే ఇప్పటికీ ఆటో ఆపమంటాడు. ఆయన్ని మళ్ళీ ఒక్కసారి ఆవిరి బండి ఎక్కించాలని నేనూ అక్కా అనుకుని మూడేళ్ళయింది. ఈ జనవరికి కుదిరింది.

ముందు ఖరీదైన టూరిస్టు రైళ్ళే చూశాం. మహారాజాస్ ఎక్స్‌ప్రెస్‌లో సౌకర్యాలకేం తక్కువ లేదు, కానీ లాగేది ఆవిరి ఇంజన్ కాదు. 1855 నాటి ఆవిరి ఇంజన్ ఫెయిరీ క్వీన్ హర్యానాలోని రేవారిలో ఉంది, అదీ ఎప్పుడో గానీ బయటికి తీయరు. మిగిలింది తమిళనాడులో మెట్టుపాళయం నుంచి కూనూరు మీదుగా ఊటీకి ఎక్కే నీలగిరి కొండరైలు. దాన్ని మొత్తంగా అద్దెకూ ఇస్తారు. 2018లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన కొత్త జంట తమ ఇద్దరి కోసమే బండంతా మాట్లాడుకుంది. మన ఊళ్ళోనే ఒక ట్రావెల్స్ అతను చార్టరు, భోజనాలు, ఊటీలో హోటలు కలిపి లక్షల్లో చెప్పాడు. ఆవిరి ఇంజన్ ఎంతదూరం వస్తుందని అడిగితే ఆయనకే తెలియదు. అక్కడితో ఆ మాట వదిలేసి మామూలు ఫస్ట్ క్లాస్ టికెట్లు తీసుకున్నాం.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు, అక్కణ్ణుంచి మెట్టుపాళయం. కొండరైలు పొద్దున 7:10కే కదులుతుంది, కాబట్టి ముందురోజు రాత్రికే చేరుకోవాలి. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్ళు ఏడింటికి గానీ రావన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి చన్నీళ్ళు పోసుకుని బయల్దేరాడు. గది తీసుకునేముందు ఆ ఒక్క సంగతి అడగండి.

కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ వెనకుండి పెట్టెల్ని నెడుతుంది. ఫస్ట్ క్లాస్ ముందుంటుంది. లోయలు చూడ్డానికి అంతకన్నా మంచి చోటు లేదు. ముందు నిలబడ్డ బ్రేక్స్‌మ్యాన్ పచ్చజెండా ఊపుతుంటే వెనక పెట్టెల మీదున్నవాళ్ళు అందుకుని డ్రైవర్ దాకా చేరుస్తారు. కల్లార్ స్టేషన్ దాటాక పట్టాల మధ్య, ఇంజన్ పళ్ళచక్రాలు పట్టుకుని ఎక్కే పళ్ళపట్టా మొదలవుతుంది. పన్నెండు అడుగులకి ఒక అడుగు చొప్పున ఎక్కాలి మరి. నాన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు. "చప్పుడు మారింది. ఇంకో జత సిలిండర్లు పట్టుకున్నయి రా" అన్నాడు. నిజమే, ఈ ఇంజన్‌కి మామూలు చక్రాలకి ఒక జత, పళ్ళచక్రాలకి ఒక జత సిలిండర్లుంటాయి.

హిల్‌గ్రోవ్‌లో నీళ్ళు పట్టడానికి ఆగితే నన్ను వదిలేసి ఇంజన్ దగ్గరికి నడిచాడు. "బొగ్గు వాసనే లేదేందిరా?" మా బండికి తగిలించింది నూనెతో మండే ఇంజన్. ముఖం చిన్నబోయింది. అంతలో క్రూలో ఒకతను తమిళంలో ఏదో అడిగాడు. నాన్న "కాజీపేట షెడ్డు, ఫైర్‌మ్యాన్" అన్నాడు. ఆ రెండు ముక్కలే సరిపోయాయి. అతను చేతిలోని కాటన్ వేస్ట్, అదే తుడిచే నూలుపీచు, ఇచ్చాడు. నాన్న ఇంజన్ కడ్డీ మీద కారిన నూనెని పైనుంచి కిందికి, ఒకే దిక్కుకి, మెల్లగా తుడిచాడు. కూత వేసేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

కూనూరులో ఆవిరి ఇంజన్ విప్పేసి డీజిల్ తగిలిస్తారు. ఆ ట్రావెల్స్ అతనికి తెలియనిదీ, చార్టరుకి డబ్బు కట్టేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సిందీ ఇదే. 46 కిలోమీటర్లలో ఆవిరి నడిచేది కింది 28 కిలోమీటర్లే. 1899లో మొదట వేసిన దారీ ఇంతే, ఊటీకి 1908లో పొడిగించారు. మా టికెట్ ఊటీ దాకా ఉన్నా నాన్న దిగిపోయాడు, మేమూ దిగాం. నాకేం చింత లేదు. ఊటీ రద్దీతో పోలిస్తే కూనూరే నయం, స్టేషన్‌కి దగ్గర్లో శుభ్రమైన గది, వేడి వేడి సాంబారు ఇడ్లీ దొరికాయి. పాతిక ముప్పైమంది చుట్టాలు కలిసి వెళ్తే చార్టరు ఆలోచించొచ్చు, అందరూ ఒకచోట ఉంటారు. ముగ్గురికి అనవసరం.

మర్నాడు కిందికి వచ్చేటప్పుడు ఇంజన్ ముందుంటుంది. ఈసారి నాన్న ఫస్ట్ క్లాస్ వద్దన్నాడు. ఇంజన్‌కి ఆనుకుని ఉన్న సెకండ్ క్లాస్ పెట్టెలో, కిటికీ పక్కన కూర్చోబెట్టాం.