వై-27632 పొడి: ఐదేళ్లు వాడాక

ప్లూరిపోటెంట్ స్టెమ్ సెల్స్‌ని (శరీరంలో ఏ రకం కణంగానైనా మారగల మూలకణాల్ని) విడివిడి కణాలుగా చేసి ప్లేటులో వేసిన మర్నాటి ఉదయం ఎలా ఉంటుందో ఆ పని చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వై-27632 అనే ఈ రాక్ ఇన్హిబిటర్ (కణాల్లోని రాక్ అనే ఎంజైమ్‌ని ఆపే రసాయనం) వాడని రోజుల్లో ఇన్‌క్యుబేటర్ తలుపు మీద చెయ్యి వేస్తుంటేనే నా మనసు కీడు శంకించేది. మీడియం నిండా తేలుతున్న చచ్చిన కణాలు, అడుగున అక్కడొకటి ఇక్కడొకటి. ఇది కలిపిన మొదటి ఉదయం మాత్రం కణాలన్నీ అడుగుకి అతుక్కుని పరుచుకుని ఉన్నాయి. ఇది నా ప్లేటేనా అని మూత మీద రాత మళ్లీ చదువుకున్నాను. మానవ పిండ మూలకణాల్లో ఒంటరి కణం నుంచి కాలనీ ఏర్పడే శాతం దీనివల్ల సుమారు 1 నుంచి 27కి పెరిగిందని 2007లో జపాన్‌లోని రికెన్‌కి చెందిన ససాయి బృందం ప్రచురించింది. నేను అలా లెక్కపెట్టలేదు, కానీ తేడా కంటికే తెలిసిపోయింది.

ఇంకో సుఖం, దీని డైహైడ్రోక్లోరైడ్ (లవణ) రూపం నీళ్లలో కరుగుతుంది. డీఎంఎస్ఓ అనే ద్రావకం కలిపిన కంట్రోల్‌ని పోలిక కోసం వేరే పెట్టుకునే బాధ ఉండదు. 10 మిల్లీమోలార్ స్టాక్ (గాఢ ద్రావణం) చేసి, మీడియంలో వెయ్యో వంతు వేస్తే 10 మైక్రోమోలార్.

ఇక నన్ను ఏడిపించిన రెండు వారాల సంగతి. మొదట్లో తయారు ద్రావణమే కొనేవాళ్లం. తర్వాత ఖర్చు కలిసొస్తుందని 1 మిల్లీగ్రాము పొడి వయల్స్‌కి మారాం. కొత్త వయల్‌తో స్టాక్ చేసిన దగ్గర్నుంచి ప్రతి పాసేజ్‌లోనూ (కణాల్ని విడదీసి కొత్త ప్లేటుకి మార్చిన ప్రతిసారీ) సగానికి పైగా కణాలు పోవడం మొదలైంది. ముందు ప్లేటు కోటింగ్‌ని అనుమానించాను. కొత్త కోటింగ్ వేశాను. తర్వాత కణాల్ని విడదీసే ఎంజైమ్‌ని, ఆ తర్వాత ఇన్‌క్యుబేటర్ కార్బన్ డయాక్సైడ్‌ని. కణాలకి సోకే మైకోప్లాస్మా బ్యాక్టీరియా పరీక్ష కూడా చేయించాను, ఏమీ లేదు. ఫ్రీజర్ మూలలో మిగిలిపోయిన ఒక్క పాత ఆలిక్వాట్ (ద్రావణంలోంచి విడిగా తీసి దాచిన చిన్న వంతు) దొరికాక, ఒకే ప్లేటులో సగం బావుల్లో పాతది, సగంలో కొత్తది వేశాను. మర్నాడు పాతది వేసిన వైపు నిండుగా ఉంది, కొత్తది వేసిన వైపు పలచగా ఉంది.

అప్పుడు నోట్‌బుక్ తీసి చూస్తే స్టాక్ లెక్క ఫ్రీ బేస్ (లవణం కాని రూపం) అణుభారం 247.34తో వేసి ఉంది. వయల్‌లో ఉన్నది డైహైడ్రోక్లోరైడ్, దాని అణుభారం 320.26. 312 మైక్రోలీటర్ల నీళ్లు పోయాల్సిన చోట 404 పోశాను. అంటే స్టాక్ 10 కాదు, 7.7 మిల్లీమోలార్. ఇదొక్కటే అంత నష్టం చేస్తుందా అన్న సందేహం వదల్లేదు. పారేయకుండా దాచిన ఖాళీ వయల్‌ని దీపం వెలుతురులో తిప్పి చూస్తే, మూత లోపలి అంచున తెల్లటి పొర. పొడి అక్కడ అతుక్కుపోయి నీళ్లలోకి రానేలేదు! రవాణాలో వయల్ తలకిందులైతే చిన్న మోతాదు పొడి మూతకి పట్టేస్తుంది. తెరిచే ముందు ఒక్క నిమిషం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే సరిపోయేది. ఆ మాట వయల్ మీద లేదు, లోపలి కాగితంలోనూ లేదు. అమ్మినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. లెక్క తప్పు మాత్రం నాదే.

అప్పట్నుంచి తిప్పకుండా ఏ వయల్ మూతా తియ్యలేదు. అణుభారాన్ని కూడా ఆ బ్యాచ్ విశ్లేషణ పత్రంలోంచే తీసుకుంటున్నాను. కొన్ని బ్యాచ్‌ల్లో పొడితో పాటు స్ఫటిక జలం కూడా ఉంటుంది, అప్పుడు అంకె మళ్లీ మారుతుంది.

పక్క ల్యాబ్‌లో ఉన్న రసాయనశాస్త్ర మిత్రుడు ఒకసారి "ఇంత చిన్న అణువే కదా, నేను చేసిస్తాను" అన్నాడు. ఆశ పడ్డాను, కానీ వద్దన్నాను. సైక్లోహెక్సేన్ వలయం మీద ట్రాన్స్ అమరిక కావాలి, అమీన్ ఉన్న కార్బన్ ఆర్ రూపంలో ఉండాలి, దాని అద్దపు ప్రతిబింబం లాంటి ఎస్ రూపంలో కాదు. మామూలు ఎన్ఎంఆర్ ఆర్, ఎస్ రూపాల తేడా చూపించదు, ఆ రెంటినీ విడదీసే కైరల్ కాలమ్ మీద చూడాలి. మిగిలిపోయిన ద్రావకాలు, లోహాలు కణాలకి తగలకుండా చూసుకోవాలి. చెయ్యడం కన్నా, చేసింది అదేనని నిరూపించడం పెద్ద పని. గ్రాముల్లో కావలసినవాళ్లకి అది గిట్టుబాటేమో, నాకు ఏడాదికి కొన్ని మిల్లీగ్రాములు చాలు.

మొదట్లో నేను దీన్ని ఎంత పొగిడానో తల్చుకుంటే ఇప్పుడు కొన్ని మాటలు వెనక్కి తీసుకోవాలి. ఇది మొరటు చేతిని కప్పిపెడుతుంది. ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచినా కణాలు బతికేస్తుంటే తప్పు ఎక్కడుందో తెలియదు. 24 గంటల తర్వాత తీసెయ్యాల్సిందే. ఉంచితే కణాలు సన్నటి తోకలు సాచి ఆకారం మారిపోతాయి. పైగా ఇది రాక్‌ని మాత్రమే ఆపదు, పీఆర్‌కే2 లాంటి వేరే కైనేజ్ ఎంజైమ్‌ల మీదా పనిచేస్తుంది. కణం ఆకారాన్ని నిలిపే ఆక్టిన్ ప్రొటీన్ మీదో కణాల కదలిక మీదో ప్రయోగం చేస్తుంటే మరీ జాగ్రత్త.

కణాల్ని విడివిడిగా కాక గుంపుల ముక్కలుగానే పాసేజ్ చేసుకునేవాళ్లకి ఇది రోజూ అక్కర్లేకపోవచ్చు. నేను క్లోనింగ్‌కి, గడ్డకట్టించిన కణాల్ని కరిగించేటప్పుడూ వాడతాను కాబట్టి నాకు తప్పదు. నెలకోసారి వాడేవాళ్లు తయారు ద్రావణమే కొనుక్కోవడం మేలేమో. నేను మాత్రం పొడే తెప్పిస్తున్నాను. స్టాక్‌ని చిన్న ఆలిక్వాట్లుగా మైనస్ 20లో పెట్టి, ప్రతి కొత్త బ్యాచ్ నుంచి రెండు దాస్తాను, వచ్చే బ్యాచ్ పక్కన పెట్టి చూడటానికి.