పెద్ద దర్గా ఊరి నుంచి ఒక పుస్తకం రివ్యూ: షిమ్మెల్ రాసిన 'మిస్టికల్ డైమెన్షన్స్ ఆఫ్ ఇస్లాం'

ముందే చెప్పేస్తా, ఇది కొనదగ్గ పుస్తకమే. కాకపోతే మొదటి పేజీ నుంచి వరసగా చదువుతూ పోతే రెండో అధ్యాయం దాటకముందే అటక ఎక్కించేస్తారు. సూఫీల మీద, అంటే ఇస్లాంలో దేవుణ్ణి ప్రేమతో, సాధనతో వెతుక్కున్నవాళ్ళ మీద, జర్మన్ పండితురాలు అన్నెమారీ షిమ్మెల్ ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం ఇది. నార్త్ కరోలినా యూనివర్సిటీ ప్రెస్ 1975లో వేసింది, 2011లో కార్ల్ ఎర్నస్ట్ ముందుమాటతో మళ్ళీ వచ్చింది. ఐదు వందల పేజీల పైమాటే.

కడపలో ఉండేవాడికి ఈ పుస్తకంతో ఏం పని అంటారేమో. మా ఊళ్ళో పెద్ద దర్గా గడప తొక్కని కుటుంబం తక్కువ. హిందువుల ఇళ్ళల్లోనే మస్తానమ్మలు, ఫకీరప్పలు, కుళ్ళాయప్పలు ఉన్నారు. ఉరుసుకు ఏ.ఆర్. రహమాన్ వచ్చాడని తెలిస్తే ఆ రోడ్డులో కాలు పెట్టలేం. చక్కెర చదివించుకుంటాం, నెమలీకల కట్టతో తల మీద తట్టించుకుంటాం, పిల్లోడికి తాయెత్తు కట్టించుకుంటాం, వచ్చేస్తాం. ఆ పీర్ల పేర్ల వెనక చిష్తీ అనీ ఖాద్రీ అనీ ఎందుకుంటాయో, వాళ్ళు అసలు ఏం చెప్పారో మాత్రం అడగం. నాకు ఆ సంగతే తెలుసుకోవాలనిపించింది.

దానికి జవాబు సూఫీ తరీఖాల (గురుసంప్రదాయాల) మీద ఉన్న ఐదో అధ్యాయంలోనూ, మన ఉపఖండం మీద ఉన్న ఎనిమిదో అధ్యాయంలోనూ ఉంది. ఖాద్రీలు బాగ్దాద్‌లో 1166లో పోయిన అబ్దుల్ ఖాదిర్ జీలానీ పేరు మీద నడిచేవాళ్ళు, మన దేశంలో చిష్తీలకు పెద్దదిక్కు 1236లో అజ్మీర్‌లో పోయిన మొయినుద్దీన్. గురువు నుంచి శిష్యుడికి, అతని నుంచి ఇంకొకరికి వచ్చే వరసను సిల్సిలా అంటారు, ఒకే మనిషి రెండు సిల్సిలాల్లో ఉండొచ్చు, అందుకే మా దర్గా పీర్ల పేర్లలో రెండూ కనబడతాయి. చిష్తీలకు పాట కావాలి, నక్ష్‌బందీలనే ఇంకో తరీఖావాళ్ళు నోరు కదపకుండా మనసులోనే జిక్ర్ (దేవుడి నామస్మరణ) చేయడమే మేలంటారు. పాత చిష్తీలు సుల్తాన్ల దగ్గర జాగీర్లు పుచ్చుకోవడం తప్పనుకుంటే, సుహ్రావర్దీ తరీఖావాళ్ళకు దర్బారుకు పోవడంలో అభ్యంతరం కనబడలేదు. సూఫీలంటే అందరూ ఒకటే, అంతా ప్రేమ, అంతా సంగీతం అనే సినిమా పాటల లెక్క ఈ అధ్యాయాలతో పోతుంది.

ఈమె సంగతి కూడా కొంచెం చెప్పాలి. 1922లో ఎర్ఫుర్ట్‌లో పుట్టింది, పదిహేనేళ్ళకు అరబిక్ మొదలుపెట్టింది, పంతొమ్మిదేళ్ళకు బెర్లిన్‌లో డాక్టరేట్ చేతికొచ్చింది. అంకారాలో పాఠాలు చెప్పింది, 1967 నుంచి 1992 దాకా హార్వర్డ్‌లో. అరబిక్, పారశీకం, తుర్కీ, ఉర్దూ, సింధీ అన్నీ మూలంలోనే చదివేది, కాబట్టి ఇందులో పద్యాలు ఎవరో చేసిన అనువాదాల నుంచి ఏరుకొచ్చినట్టు ఉండవు. 1995లో జర్మన్ పుస్తక వ్యాపారుల శాంతి బహుమతి ఇచ్చినప్పుడు, సల్మాన్ రష్దీ విషయంలో ముస్లింల మనసు నొచ్చుకుందని ఆమె అన్న మాట మీద జర్మనీలో పెద్ద రచ్చే జరిగింది. 2003లో పోయింది. ఆమె ఎవరి పక్షాన నిలబడి రాస్తుందో చదువుతుంటేనే తెలుస్తుంది, దాచుకోదు. నాకది నచ్చింది, కొన్నిచోట్ల చిరాకూ పెట్టింది, ఎందుకో కింద చెప్తా.

బాగున్నవాటిలో మొదట సూఫీ హల్లాజ్ భాగం. 922లో బాగ్దాద్‌లో అతన్ని చంపిన కథ చాలామంది విన్నదే, 'అనల్ హఖ్' (నేనే సత్యం) అన్నాడని చంపేశారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. షిమ్మెల్ అలా వదలదు, అప్పటి రాజకీయం ఎంత, మతం ఎంత అని విడదీసి చూపిస్తుంది. జనం రాళ్ళు రువ్వుతుంటే మెదలని హల్లాజ్, స్నేహితుడు షిబ్లీ ఒక గులాబీ విసిరేసరికి నిట్టూర్చాడట. ఆ ఒక్క గులాబీ తర్వాత కవుల చేతుల్లో పడి ఎన్ని ఊళ్ళు తిరిగిందో చెప్తుంది. బస్రా ఊరి సూఫీ సాధ్వి రాబియా, ఒక చేత్తో నిప్పు, ఇంకో చేత్తో నీళ్ళు పట్టుకుని స్వర్గాన్ని కాల్చేస్తా, నరకాన్ని ఆర్పేస్తా, అప్పుడు ఆశ కోసమో భయం కోసమో దేవుణ్ణి కొలిచేవాళ్ళుండరు అన్న ఆమె కూడా ఉంది. చివర్లో సూఫీ దారిలో ఆడవాళ్ళ గురించి ఒక అనుబంధం ఉంది, చిన్నదే, వదలొద్దు.

నా వరకు అసలు విందు ఎనిమిదో అధ్యాయం, మన ఉపఖండం మీద. సింధీ, పంజాబీ కవులు జీవుణ్ణి ఆడదాన్ని చేసి, దేవుడి కోసం ఏడిపిస్తారు. అక్కడి జానపద ప్రేమకథల్లో సస్సీ ఎడారిలో పరిగెత్తుతుంది, సోహ్ని నదిలో మునిగిపోతుంది, 1752లో పోయిన సింధీ కవి షా అబ్దుల్ లతీఫ్ ఆ కథలన్నీ అలా వాడుకున్నాడు. పారశీక గజల్లో ఇలా ఉండదని, ఇది ఇక్కడి మట్టిలోంచి వచ్చిందని ఆమె అంటుంది. ఇది చదువుతుంటే మా తాళ్ళపాక అన్నమయ్య గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? వేంకటేశుడి కోసం అలిగే, కుమిలే నాయికలు అన్ని వేల కీర్తనల్లో ఉన్నారు కదా. ఉగాదికి దేవుని కడప గుడికి బీబీ నాంచారమ్మ తరఫువాళ్ళమని ముస్లింలు వచ్చే ఊరు మాది, మాకు ఇదేమీ వింత కాదు. కానీ షిమ్మెల్ అన్నమయ్య దాకా రాలేదు, తెలుగు దాకానే రాలేదు.

ఉనికి అంతా ఒక్కటే అనే సిద్ధాంతానికి పేరుపడ్డ సూఫీ తత్త్వవేత్త ఇబ్న్ అరబీ అధ్యాయం కష్టం. రెండుసార్లు చదివితే గానీ ఎక్కదు, మనవాళ్ళు 'ఆఁ, మన అద్వైతమే కదా' అని ఊరికే తేల్చేసే చోటు అదే. అంత తొందరపడొద్దని, ఆ సిద్ధాంతానికి 'అంతా దేవుడే' అనే ముద్ర కొట్టేస్తే చాలదని ఆమె ఓపిగ్గా చెప్తుంది. నాకు సగమే అర్థమైంది, మిగతా సగం కోసం మళ్ళీ చదువుతా.

ఇక చిరాకు సంగతి. దక్కన్‌కు ఇందులో దక్కింది కొంచెమే. 1422లో గుల్బర్గాలో పోయిన గేసూదరాజ్, అంటే మనవాళ్ళు బందానవాజ్ అనే ఆయన వస్తాడు, పోతాడు. ఢిల్లీ, సింధ్, పంజాబ్‌లకే పెద్దపీట. అంతకన్నా పెద్ద లోటు, దర్గాకు వచ్చే మనిషి ఈ పుస్తకంలో కనబడడు. కందూరు (మొక్కు విందు) చేసేవాళ్ళు, దయ్యం వదిలించుకోవడానికి వచ్చి పడుకునేవాళ్ళు, దర్గా చూసుకునే ముజావర్ల మధ్య వాటాల గొడవలు, దర్గా భూములు, ఇవేవీ ఆమెకు పట్టవు. పద్యం, గురువు, దేవుడు, అంతే. దర్గా అంటే అదొక్కటే కాదని ఉరుసుకు ఒక్కసారి వచ్చినవాడికైనా తెలుస్తుంది.

ఆ లోటు తీరాలంటే ఇంకో రెండు పుస్తకాలు పట్టుకోవాలి. రిచర్డ్ ఈటన్ 'సూఫీస్ ఆఫ్ బీజాపూర్' (1978) సూఫీల్లో కత్తి పట్టినవాళ్ళు, దర్బారుకు దగ్గరైనవాళ్ళు, భూములు సంపాదించుకున్నవాళ్ళు, అన్నీ వదిలేసి తిరిగినవాళ్ళు అని విడివిడిగా చూపిస్తుంది. ఆడవాళ్ళు తిరగలి విసురుతూ దక్కనీ ఉర్దూలో పాడుకున్న చక్కీనామాల ద్వారా సూఫీల మాట ఇళ్ళల్లోకి ఎలా చేరిందో చెప్పే భాగం మా అమ్మకు చదివి వినిపించా. రెండోది మన అఫ్సర్‌ది, 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' (2013). అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయప్ప పీర్ల పండగ మీద ఒక తెలుగు కవి, పరిశోధకుడు రాసిన పుస్తకం. పీర్ల పండగ కర్బలా యుద్ధంలో ప్రాణాలిచ్చినవాళ్ళ జ్ఞాపకం, తరీఖాల సంగతి వేరు, కానీ మా వైపు మొక్కుకునేవాళ్ళు ఆ గీత గీసుకోరు. ఎందుకు గీసుకోరో ఇందులో తెలుస్తుంది.

నాకొచ్చిన కాపీ మూలలు నలిగి వచ్చింది, అట్టపెట్టెలో వేయకుండా పల్చటి కవర్లో పంపారు, మార్చమంటే స్టాక్ లేదన్నారు. ధర కూడా తక్కువేం కాదు, తొందర లేకపోతే పాత కాపీ వెతుక్కోండి. అక్షరాలు చిన్నవి, అరబిక్ పేర్ల మీద కింద చుక్కలూ గీతలూ బోలెడు, కొంచెం అలవాటు పడాలి. వెనక విషయసూచిక మాత్రం చాలా గొప్పగా ఉంది, పేరు వెతికితే దొరకని పీరు లేడు. డిగ్రీ స్థాయి ఇంగ్లిష్ ఉంటే సరిపోతుంది.

చదివే వరస నన్నడిగితే, ముందు ఎనిమిది, తర్వాత ఐదు, తర్వాత మౌలానా రూమీ ఉన్న ఏడు, అప్పుడు మొదటికి రండి. రెండో అధ్యాయాన్ని కథలా చదవకుండా, పేరు అవసరమైనప్పుడు తిప్పి చూసుకోండి. తాయెత్తు, ఫాతెహాల గురించి చేయొచ్చా చేయకూడదా అనే వాదనకు జవాబు కోసమైతే కొనొద్దు, అది ఇందులో లేదు.

ఐదుకు నాలుగు. దక్కన్ మీద ఇంకో వంద పేజీలు ఉంటే ఐదూ ఇచ్చేవాణ్ణి.