మిక్సర్‌కు ఏ కేబుల్: మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆరా, పావు అంగుళం మోనో జాకా?

భజన మందిరానికి మైకు సెట్టు కొన్న ప్రతివారికీ వచ్చే సందేహం ఇది. మైకుల, వాద్యాల శబ్దాలను కలిపే మిక్సర్‌కు రెండు రకాల సాకెట్లూ ఉంటాయి, మరి దేనిలో గుచ్చాలి?

ఖర్చు: మోనో జాక్ కేబుల్ చవక. ఎక్స్‌ఎల్‌ఆర్‌కు కాస్త ఎక్కువే పెట్టాలి.

శ్రమ: రెండూ గుచ్చడమే. ఎక్స్‌ఎల్‌ఆర్ టక్కుమని బిగుసుకుంటుంది, ఎవరి కాలైనా తగిలితే జాక్‌లా ఊడిరాదు.

రొద: అసలు తేడా ఇక్కడే. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1వ పిన్ను గ్రౌండ్. 2, 3 పిన్నుల మీద ఒకే సంకేతం ఒకదానికొకటి తలకిందులుగా నడుస్తుంది. దారిలో అంటుకున్న రొద మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. మిక్సర్ ఆ రెండింటి తేడాను తీసుకోగానే పాట మిగులుతుంది, రొద కొట్టుకుపోతుంది. అందుకే 30 మీటర్లు లాగినా గొంతు శుభ్రంగా వినిపిస్తుంది. మోనో జాక్‌కు ఆ రక్షణ లేదు. ఐదారు మీటర్లు దాటి, పక్కన కరెంటు తీగ కూడా ఉంటే గుంయ్‌మనే హోరు మొదలవుతుంది.

ముప్పు: కండెన్సర్ రకం మైకు నడవడానికి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సరే కేబుల్ గుండా మైకుకు పంపే కరెంటు) ఎక్స్‌ఎల్‌ఆర్‌లోనే వస్తుంది. మిక్సర్ మీద ఆ కరెంటు మీట నొక్కేముందు ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీట) పూర్తిగా దించండి, టప్పుమనే శబ్దం నుంచి స్పీకర్లను కాపాడుకోండి.

గాయకుడికి, మృదంగానికి పెట్టే మైకులకు మరో ఆలోచన లేకుండా ఎక్స్‌ఎల్‌ఆర్ తీసుకోండి. మిక్సర్ పక్కనే ఉన్న కీబోర్డుకు జాక్ చాలు. కీబోర్డు వేదిక మీద, మిక్సర్ హాలు చివర ఉంటే మాత్రం కీబోర్డు దగ్గర డీఐ బాక్సు (జాక్ సంకేతాన్ని ఎక్స్‌ఎల్‌ఆర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టి, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ లాగండి.