కుట్టుమిషన్ దగ్గర ఆరేళ్ల ఎల్‌ఈడీ వెలుతురు

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. రోజులో ఎక్కువసేపు నా చూపు సూది మొన మీదే ఉంటుంది. మిషన్‌కు నూనె ఎంత అవసరమో నాకు వెలుతురూ అంతే అవసరం. ఆరేళ్ల కిందట ఇంట్లో పాత బల్బులు, సీఎఫ్‌ఎల్‌లు తీసేసి అన్నిచోట్లా ఎల్‌ఈడీలు పెట్టించాం.

ముందు మంచి సంగతి. మిషన్ పైన 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉండేది. దాని కింద గంటసేపు కూర్చుంటే నడినెత్తి మాడిపోయేది. అది తాగే కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడికే పోతుంది మరి. ఇప్పుడు అక్కడ 9 వాట్ల ఎల్‌ఈడీ దాదాపు అంతే వెలుతురు, అంటే 800 ల్యూమెన్ల దాకా ఇస్తోంది. రోజుకు 6 గంటలు వెలిగితే పాత బల్బుకు నెలకు 10.8 యూనిట్లు అయ్యేవి, దీనికి 1.6 అవుతున్నాయి. స్విచ్ వేయగానే పూర్తిగా వెలుగుతుంది. సీఎఫ్‌ఎల్ పగిలితే పాదరసం బయటికొస్తుందన్న భయం కూడా పోయింది.

ఇక నన్ను ఏడిపించిన విషయం. ఒకసారి మెరూన్ గౌనుకు అంచు కుట్టాల్సి వచ్చింది. రాత్రిపూట దారం రీళ్లు గుడ్డ పక్కన పెట్టి చూసుకుని, సరిగ్గా కలిసిందనుకున్న దారంతో కుట్టేశాను. పొద్దున్నే కిటికీ దగ్గరికి తీసుకెళ్తే గుండె జారిపోయింది. గుడ్డ మెరూన్, దారం ముదురు గోధుమ రంగు! అంచంతా ఒక్కో కుట్టూ విప్పి మళ్లీ మొదలుపెట్టాను. గుడ్డ మీద సూది రంధ్రాల గుర్తులు కనిపించకుండా తడిపి ఇస్త్రీ చేసేసరికి మధ్యాహ్నమైంది.

ఎందుకిలా అయిందో తర్వాత తెలుసుకున్నాను. మన ఇళ్లలో వాడే ఎల్‌ఈడీలలో చాలావాటి లోపల నిజానికి ఉండేది నీలం చిప్పు. దాని మీద పూసిన పసుపు పూత వల్ల కొంత నీలం పసుపుగా మారి, రెండూ కలిసి మనకు తెల్లగా కనిపిస్తాయి. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, ఇంటికి పనికొచ్చే తెల్లని వెలుతురు రావడానికి ఈ నీలం కోసమే ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. వాళ్ల పుణ్యమా అని ఇంత వెలుతురు వచ్చింది. కాకపోతే మామూలు రకం బల్బుల్లో ముదురు ఎరుపు పాలు తక్కువ. మెరూన్, గోధుమ రంగులు కలిసిపోయింది అందుకే.

పెట్టె మీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో అది చెబుతుంది. పాత ఫిలమెంట్ బల్బుకు అది ఇంచుమించు 100, నేను వాడిన ఎల్‌ఈడీకి 80. ఆ అంకె లెక్కలో ముదురు ఎరుపును చేర్చరు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంది, చాలా పెట్టెల మీద అది వేయరు. ఇప్పుడు మిషన్ మీద సీఆర్‌ఐ 90 దాటిన బల్బు పెట్టాను. వెలుతురు ఒక పిసరు తగ్గినట్టున్నా రంగు రంగులా కనిపిస్తోంది. కుట్టుపని, బొమ్మలు వేసే పని చేసేవాళ్లు దీని దగ్గర మాత్రం రాజీ పడకండి.

రెండో ఇబ్బంది మినుకు. చవకగా కొన్న ఒక బల్బు కింద మిషన్ తొక్కుతుంటే, ఒక వేగంలో చక్రం ఆగిపోయినట్టు, ఇంకో వేగంలో వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించింది. సూది పక్కనే వేళ్లు ఉంటాయి కదా, భయం వేసింది. బల్బు లోపల కరెంటును చిప్పుకు తగ్గట్టు మార్చి ఇచ్చే భాగాన్ని డ్రైవర్ అంటారు. అది నాసిరకమైతే 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలుతురు సెకనుకు 100 సార్లు ఎగసి పడుతుంది. మామూలుగా అది కంటికి ఆనదు గానీ నాకు సాయంత్రానికల్లా తలనొప్పి వచ్చేది. ఫోన్ కెమెరా తెరిచి బల్బు దగ్గర పెడితే తెర మీద నల్ల చారలు పాకాయి. ఆ పూటే తీసేశాను.

మా అత్తయ్య గదిలో మొదట 6500 కెల్విన్ తెల్ల లైటు పెట్టాం. "కళ్లలో గుచ్చుతోందమ్మా, పడుకునే ముందు ఇదేం వెలుతురు" అనేది. 2700 కెల్విన్ పసుపు లైటు పెట్టాక ఆ మాట మళ్లీ రాలేదు. రాత్రిళ్లు నీలం పాలు ఎక్కువున్న వెలుతురు నిద్రను వెనక్కి నెడుతుంది.

మన్నిక సంగతి. పెట్టె మీద 15,000 గంటలని ఉంది, రోజుకు 6 గంటల చొప్పున ఏడేళ్లకు దగ్గర. బాత్రూంలో మూసి ఉన్న గాజు గోళంలో పెట్టిన బల్బు 14 నెలలకే పోయింది. అదే పెట్టెలోని జత బల్బు హాల్లో తెరిచిన హోల్డర్‌లో ఇప్పటికీ వెలుగుతోంది. పోయినదాన్ని విప్పి చూశాను. చిప్పులు బాగానే ఉన్నాయి, డ్రైవర్‌లోని కెపాసిటర్ నెత్తి మాత్రం ఉబ్బిపోయింది. ఎల్‌ఈడీ వెలుతురులో వేడి ఉండదు గానీ బల్బు మెడ దగ్గర ఉంటుంది. గాలి ఆడకపోతే ముందు పోయేది ఆ డ్రైవరే. సీలింగ్‌లో బిగించే ప్యానెల్ కొనేటప్పుడు డ్రైవర్ విడిగా ఉన్నదే తీసుకోండి, పాడైతే అదొక్కటి మార్చుకోవచ్చు.

పదికి ఎనిమిది ఇస్తాను. మళ్లీ పాత బల్బుకు వెళ్లను.

ఒక్కటి మిగిలింది. వరండా బల్బు స్విచ్ ఆపినా రాత్రంతా మసకగా వెలుగుతోంది. స్విచ్‌లో ఇండికేటర్ దీపం ఉంటే ఇలా జరుగుతుంది, మా స్విచ్‌కు అది లేదు. స్విచ్ ఫేజ్ వైరుకు కాకుండా న్యూట్రల్‌కు పెట్టారేమోనని నా అనుమానం. అదే నిజమైతే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉన్నట్టే. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ బల్బును ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను.